అవ్వ అడిగిన దోమ

ఆమె నన్ను మొదటిసారి చూసినప్పుడు ఎనుముల దొంగ అనుకుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. అప్పటికింకా పూర్తిగా తెల్లవారలేదు. నేను ఆమె గొడ్ల కొట్టంలో, ఎనుము వెనకాల, మట్టిగోడకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. ఒక చేతిలో టార్చిలైటు. నోట్లో రబ్బరు గొట్టం, దాని చివర సన్నని గాజు గొట్టం. గోడ మీద వాలిన దోమ పక్కన గాజు మూతి పెట్టి చిన్నగా ఊపిరి పీలిస్తే దోమ లోపలికి వస్తుంది. మధ్యలో వలగుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. ఇదంతా తెలియని మనిషికి నేనెలా కనిపించి ఉంటానో తర్వాత చాలాసార్లు ఊహించుకున్నాను.

"ఎవురది ఆడ?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

గొట్టం నోట్లో నుంచి తీస్తే దోమ పోతుంది. గాజు గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి, మెల్లగా తిరిగి చూశాను. అరవై దాటిన ముసలామె. చేతిలో పాలచెంబు ఉంది. భయపడినట్టు లేదు.

"దోమలు పడతా ఉండానవ్వా. గవర్నమెంటు పని."

"దోమల్ని పట్టుకోని ఏం జేస్తావు?"

"ఏ దోమలో సూస్తాము."

"దోమల్లో ఏ దోమలు అనేదేముండాది? కుట్టేది దోమ, కుట్టనిది ఈగ" అని ఆమె చెంబు కింద పెట్టి పాలు పితకడానికి కూర్చుంది. ఆ తర్వాత నా వైపు చూడలేదు. పని ముగించుకుని వెళ్లిపోయాను.

డెబ్బైల చివర సంగతి ఇది. తగ్గిపోయిందనుకున్న చలిజ్వరం మళ్లీ తిరగబెట్టిన రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. శ్రీకాళహస్తిలో మా ఆఫీసంటే రెండు గదులు. ఒకదాంట్లో మందు చల్లే పంపులు, డ్రమ్ములు. రెండో దాంట్లో ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, దాని ముందు నేను. పొద్దున్నే ఊరికొకటి చొప్పున కొట్టాలు తిరిగి దోమలు పట్టుకురావాలి. పగలంతా వాటిని ఒక్కొక్కదాన్ని చూసి ఏ జాతిదో, ఆడదో మగదో, రక్తం తాగిందో లేదో రాయాలి. మందు చల్లేవాళ్లు పంట కాలపు కూలీల్లా వచ్చి పోతుండేవారు. ఆఫీసరు వారానికి ఒకసారి తిరుపతి నుంచి వచ్చేవారు. మిగతా రోజుల్లో సాయంత్రం దాకా నేను ఎవరితోనూ మాట్లాడని పూటలు చాలా ఉండేవి. గది అద్దెకు తీసుకున్న వీధిలో కలంకారీ అద్దకం పనివాళ్లుండేవారు. వాళ్ల కుండల్లో పులిసే బెల్లం, ఇనుపముక్కల నీళ్ల వాసన గదిలోకి వచ్చేది. వాళ్లంతా ఒకే కుటుంబంలా కలిసి పనిచేస్తూ కబుర్లాడుకునేవారు. నేను ఆ గోడకివతల కూర్చుని వినేవాణ్ణి.

మా నాయనకు చిత్తూరులో బట్టల కొట్టు ఉండేది. నేను దాంట్లో కూర్చోకుండా ఈ ఉద్యోగానికి వచ్చానని కోపం. నేను ఏం పని చేస్తానని ఎవరైనా అడిగితే "హెల్తులో ఉండాడు" అని ముగించేవాడు. దోమల మాట ఎత్తేవాడు కాదు. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. ఇంటి నుంచి ఉత్తరం వస్తే అందులో రెండు వాక్యాలుండేవి.

స్వర్ణముఖి అవతలి పల్లెకు ప్రతి మంగళవారం వెళ్లేవాణ్ణి. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఏట్లో ఇసకే. చీకట్లో ఇసక మీద నడిచి పోయేసరికి చెప్పులు బరువెక్కేవి. ముసలామె కొట్టం పల్లె చివర, ఏటికి దగ్గరగా ఉంది. ఒంటరి మనిషి. పిల్లల్లేరు. ఒక ఎనుము, ఒక పూరిల్లు.

మూడో వారమో నాలుగో వారమో నేను వెళ్లేసరికి కొట్టం గుమ్మం దగ్గర పీట వేసి ఉంది.

"పని అయినాక రొంత కూసో. నీతావ ఒగ మాట అడగాల" అంది.

కూర్చున్నాను. గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది.

"మా ఇంటాయన చలిజరంతో పోయినాడు. అప్పుట్లో మందు గొట్టేవోళ్లు ఈ పక్కకు వస్తా ఉండ్లేదు. దినం దప్పించి దినం వణుకు. దుప్పట్లు గప్పి నేను పైన పడుకున్యా వణుకు ఆగేది గాదు. అది దోమ వల్లనే వస్తాదని ఆ తర్వాత ఎప్పుడో వచ్చినోళ్లు జెప్పినారు. దోమలు ఇన్ని తీర్లు ఉండాయని నువ్వు జెప్పేదాకా నాకు తెలీదు." ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "ఆయన్ని సంపింది ఏదో నేను సూడాల నాయనా. నీకు దొరికితే సూపిస్తావా?"

"సూపిస్తానవ్వా" అన్నాను.

ఆ మాట నేను చాలా తేలిగ్గా అన్నాను. అప్పటిదాకా ఆమె కొట్టంలో నాకు అలాంటిది ఒక్కటీ దొరకలేదు. దొరికినా చూపించి చెప్పడానికి ఏముందని అనుకున్నాను.

తర్వాతి మంగళవారం ఆమె అగ్గిపెట్టెతో ఎదురు చూస్తూ ఉంది. తెరిచి చూపించింది. లోపల పొడుగు కాళ్ల పురుగు ఒకటి. రెండు కాళ్లు అప్పటికే ఊడిపోయి పెట్టెలో విడిగా పడి ఉన్నాయి.

"ఇదేనా?"

"కాదవ్వా. ఇది దోమే గాదు. సూడు, దీనికి కుట్టే ముల్లు లేదు. ముట్టుకుంటే కాళ్లు ఊడిపోతాయి."

"ఇంత పెద్దది గదా. మనిషిని సంపేది పెద్దదిగానే ఉంటాది అనుకుంటి."

ఆ మరుసటి వారం దీపం దగ్గర పట్టిన పచ్చటి సన్న పురుగు. వానల తర్వాత చెరువుల మీద పొగలా లేచేవి ఇవే. అచ్చం దోమలాగే ఉంటుంది. దానికీ కుట్టే ముల్లు ఉండదని చెప్పాను. వాలినప్పుడు ముందు కాళ్లు రెండూ దండం పెట్టినట్టు పైకెత్తి పెట్టుకుంటుందనీ, దోమైతే వెనక కాళ్లు ఎత్తుతుందనీ చెప్పాను. ఆమె ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుంది. ఇంకో వారం గోడ పగుల్లో పట్టిన బూడిదరంగు నలుసు. రెక్కలు మడవకుండా పైకి నిలబెట్టుకుని, ఎగరకుండా గంతులేస్తుంది. అది కుడుతుంది గానీ దోమ కాదు. చివరకు అసలు దోమే తెచ్చింది, మురుక్కాలవల్లో పుట్టే మామూలు దోమ.

"ఇది బోదకాలు దోమ. సలిజరం దీనితో రాదు" అన్నాను.

"మరి అది ఎట్టుంటాదో సరిగ్గా జెప్పు. ఊరికే పట్టి నీకు శ్రమ."

చీపురుపుల్ల ఒకటి తీసుకున్నాను. గోడకు సమాంతరంగా పెట్టి "మామూలు దోమ ఇట్ల వంగి కూసుంటాది" అన్నాను. తర్వాత పుల్ల ఒక కొన గోడకు ఆనించి, రెండో కొన పైకి లేపి "జరం దోమ ఇట్ల, ముల్లు గుచ్చినట్టు వాలుగా కూసుంటాది. రెక్కల మీద మచ్చలుంటాయి. వాలుగా కూసున్నోటినే పట్టు" అన్నాను. శిక్షణలో నాకు మొదటి రోజు నేర్పింది అదే.

ఆ తర్వాత ఆమె వాలుగా కూర్చున్నవే పట్టేది. అవి ఆ జాతివే గానీ జ్వరం మోసేవి కావు. ప్రతి వారం నేను భూతద్దంలో చూసి కాదనేవాణ్ణి. ఆమె సరేనని పెట్టె మూసేది. మాటలు అక్కడితో ఆగేవి కావు. ఎనుము చూలు సంగతి, పక్కింటి వాళ్ల గొడవ, నేను వండుకుంటానా లేక హోటల్లో తింటానా, ఇవన్నీ వచ్చేవి. ఒకసారి సంగటి ముద్ద, చింతాకు పప్పు పెట్టింది. ఆఫీసు రిపోర్టులో ఆ పల్లెకు అరగంట అని రాసే పని నాకు రెండు గంటలు పట్టడం మొదలైంది. మంగళవారం కాని రోజుల్లో మంగళవారం ఎప్పుడొస్తుందా అని నేను చూస్తున్నానని ఒకనాడు గమనించి నాకే సిగ్గేసింది.

ఎండాకాలం మొదట్లో మా నాయన ఉత్తరం రాశాడు. పెళ్లిచూపులున్నాయి, మంగళవారం మధ్యాహ్నానికి చిత్తూరు రమ్మని. ఆ రోజు పొద్దున దోమలు గబగబా పట్టేసి బయలుదేరుతుంటే ఆమె అగ్గిపెట్టె పట్టుకుని అడ్డం వచ్చింది.

"ఇది వాలుగా కూసోలేదు. అయినా ఎందుకో మామూలుదాని మాదిరి అనిపించలేదు. రొంత సూడు."

భూతద్దం సంచి అడుగున ఉంది. బస్సుకు టైమవుతోంది. పెట్టె సందులోంచి చూశాను. చిన్నది, బూడిదరంగు, వంగినట్టు ఉంది.

"మామూలు దోమే అవ్వా. బస్సుకు పోవాల నేను."

"సరే పో నాయనా. మంచిది జరగనీ" అంది. ఎక్కడికి పోతున్నానో నేను చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా చూసి గ్రహించి ఉంటుంది.

చిత్తూరులో ఆ ఇంట్లో అమ్మాయి మేనమామ నన్ను అడిగాడు, "హెల్తులో ఏం పనప్పా మీకు?" మా నాయన నోరు తెరిచేలోపు నేను ఉన్నది చెప్పాను. ఆయన ముందుకు వంగాడు. "అంటే దోమలు పట్టుకుంటారా?" అన్నాడు. లోపల గదిలో ఎవరో ఆడవాళ్లు నవ్వారు. కాఫీలు తాగాం. వారం తర్వాత కబురంపుతామన్నారు, అంపలేదు. ఇంటికి నడిచి వస్తుంటే మా నాయన దారి పొడవునా నాకు పది అడుగుల ముందే నడిచాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

రెండు నెలలు గడవక ముందే ఆ పల్లెలో జ్వరాలు మొదలయ్యాయి. మొదట ఒక ఇంట్లో ఇద్దరికి, తర్వాత ఇంకో మూడిళ్లలో. రక్తం పరీక్షలో మలేరియా అని తేలింది. ఆఫీసరు నా రిపోర్టులు తిరగేశారు.

"ఈ పల్లెలో ప్రమాదకరమైన దోమ లేదని ప్రతి వారం రాసినావు. లేని దోమ జరం ఎట్ల తెచ్చింది?" అని అడిగారు. కోప్పడలేదు. నిజంగానే అడిగారు.

ఆ పల్లె నుంచి అంతకుముందు తెచ్చిన దోమలన్నీ ఆ రోజు బల్ల మీద పోసుకున్నాను. పైచూపుకే మామూలువని పక్కన పెట్టేసిన కుప్పను కూడా ఒక్కొక్కటిగా అద్దం కింద పెట్టాను. సాయంత్రం కావస్తుండగా ఒకటి దొరికింది. చిన్నది, బూడిదరంగు. కాళ్ల మీద చారల్లేవు. కానీ తొండానికి రెండు పక్కలా తొండమంత పొడుగు మీసాలున్నాయి. ఆడదానికి అంత పొడుగు మీసాలుంటే అది మామూలు దోమ కాదు. రెక్క అంచు మీద లేత మచ్చలు స్పష్టంగా కనిపించాయి. పుస్తకం తీసి మళ్లీ చదివాను. జ్వరాలు మోసేవాటిలో మా ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. అది తన జాతి వాటిలా నిటారుగా వాలదు, ఇంచుమించు మామూలు దోమలాగే కూర్చుంటుంది అని అందులో ఒక వాక్యం ఉంది. నేను చదివి మరిచిపోయిన వాక్యం. ఆ కుప్పలో అలాంటివి ఇంకా నాలుగు దొరికాయి.

నాకు అగ్గిపెట్టె గుర్తొచ్చింది.

మంగళవారం దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున ఏటికి వెళ్లాను. ఇసకలో ఎక్కడ చూసినా చెలమలు. ప్రతి ఇంటివాళ్లూ తాగేనీళ్లకు ఇసక తవ్వి చెలమ చేసుకుంటారు. ఊట తగ్గితే దాన్నలా వదిలేసి పక్కన ఇంకోటి తవ్వుతారు. వదిలేసిన గుంటల్లో నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. గరిటెతో తీసి చూస్తే దోమ పిల్లలు. మురుగు దోమ పిల్లలు నీళ్లలో తలకిందులుగా వేలాడుతాయి. ఇవి నీటి మీద పుల్లల్లా పడుకుని ఉన్నాయి.

అక్కడి నుంచి ఆమె ఇంటికి వెళ్లాను. చిన్న డబ్బీలో సూదికి గుచ్చిన దోమను, భూతద్దాన్ని ఆమె చేతికిచ్చాను. ఎండలోకి తీసుకెళ్లి ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. చెయ్యి అలిసిపోయి దించి, మళ్లీ ఎత్తి చూసింది.

"ఇదేనా?"

"ఇదే అవ్వా."

"ఇది మామూలుదాని మాదిరే ఉండాదే."

"అవును. నేను నీకు తప్పు జెప్పినాను. వాలుగా కూసునేదాన్నే సూడమంటి. నువ్వు ఆ పొద్దు తెచ్చింది ఇదే అయ్యుండచ్చు. నేను సరిగ్గా సూడలేదు."

ఆమె ఏమంటుందో అని నిలబడ్డాను. డబ్బీ మూత పెట్టి నాకిచ్చింది.

"బస్సుకు పోవాలంటివి గదా ఆ పొద్దు" అంది. అంతే. తర్వాత, "యాడ పుడతాది ఇది? మురుగులోనేనా?" అని అడిగింది.

ఆమెకూ ఏట్లో చెలమ ఉంటుంది. అబద్ధం చెప్పవచ్చునని ఒక క్షణం అనిపించింది. ఒక తప్పు చెప్పిన నోటితో ఇంకోటి చెప్పలేకపోయాను.

"మురుగులో గాదు. తేట నీళ్లలో. చెలమల్లో. వాడకుండా వదిలేసినోటిలో."

ఆమె ఏటి వైపు చూసింది. పీట మీద మెల్లగా కూర్చుంది.

"ఆయనకు జరం వచ్చినప్పుడు ఆ నీళ్లే తెచ్చి పోసినాను. దినానికి ఒగ కొత్త చెలమ తొవ్వినాను, తేటగా ఉండాలని. పాతవి అట్నే ఇడిసిపెట్టినా."

"నీళ్లు తాగితే రాదవ్వా అది. ఆ దోమ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు ఎగురుతాది. ఎవురి చెలమలో పుట్టిందో ఎవురు జెప్పగలరు?"

"తెలుసులే నాయనా. నాది గూడా ఆడే ఉన్నింది గదా."

మజ్జిగ ఇవ్వడానికి కూడా లేవలేదు ఆమె. డబ్బీ సంచిలో వేసుకుని వచ్చేశాను. దారిలో ఇసక మీద కూర్చుండిపోయాను. ఆమె అడిగింది చూపించాను. చూపించకపోయి ఉంటే బాగుండేదా అని ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

మంగళవారం కొట్టం దగ్గర ఆమె లేదు. ఏటిలో కనిపించింది. సొట్టలు పడిన సత్తుగిన్నెతో పాత చెలమల్లోకి ఇసక తోడి పోస్తోంది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కడవలు దించి చూస్తున్నారు. "అవ్వకు మతి పోయినట్టుండాది" అని ఒకరన్నారు. ఆమె తలెత్తకుండా ఇసక పోస్తూనే ఉంది. నేను చెప్పబోయాను. తేట నీళ్లలో జ్వరం దోమ పుడుతుందంటే నమ్మలేదు. "సెరువు మీద పొగ మాదిరి లేస్తా ఉండాయే, అవి గాదా? ఆడ మందు గొట్టు పో" అన్నారు. ఆఫీసరు మందు చల్లేవాళ్లను పంపారు. ఇళ్లలో, కొట్టాల్లో చల్లారు, జ్వరాలవాళ్లకు మాత్రలిచ్చారు. తాగేనీళ్ల గుంటల్లో మాత్రం ఏ మందూ పోయకూడదు. ఇసక పోసి పూడ్చడం తప్ప దారి లేదు.

ఆదివారాలు నాకు పనేమీ ఉండేది కాదు. గదిలో పడుకుని పక్కింటివాళ్ల మాటలు వినేవాణ్ణి. మిగిలిన ఎండాకాలమంతా ఆదివారాలు ఏటికి వెళ్లాను. ఆఫీసులో ఉన్న పార ఒకటి తీసుకెళ్లేవాణ్ణి. ఆమె ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి పూడ్చుకుంటూ వచ్చేవాళ్లం. ఎండెక్కాక ఆమె కొట్టం నీడలో కూర్చునేవాళ్లం. పూడ్చిన నాలుగు రోజులకే జనం కొత్తవి తవ్వి పాతవి వదిలేసేవారు. మళ్లీ పూడ్చేవాళ్లం. జ్వరాలు తగ్గాయి. మందు వల్లనా, మాత్రల వల్లనా, మా ఇసక వల్లనా నాకు తెలియదు. రిపోర్టులో ఇసక సంగతి రాయడానికి చోటు లేదు.

ఒకనాడు అడిగాను, "ఇంక సాల్లే అవ్వా, ఎన్నని పూడుస్తావు?"

"ఇంట్లో కూసోని ఏం జేసేది?" అంది.

కార్తీక మాసం వానలకు ఏరు వచ్చింది. చెలమలన్నీ ఒక్క పూటలో కొట్టుకుపోయాయి. ఎర్రటి నీళ్ల అవతల ఆమె ఇల్లు కనిపిస్తూనే ఉంది గానీ వారం దాకా దాటలేకపోయాను. ఆ వారంలోనే చిత్తూరుకు బదిలీ కాగితం వచ్చింది. నీళ్లు తగ్గాక చెప్పడానికి వెళ్లాను.

"మంచిదే. మీ నాయన దగ్గరికి పోతా ఉండావు" అంది. నేను బయలుదేరుతుంటే, "నీ తర్వాత వచ్చేవోనికి జెప్పు, వంగి కూసునేదాన్ని గూడా అద్దంలో సూడమని" అంది.

చెప్పాను. అతను విన్నాడో లేదో తెలియదు.

చిత్తూరు ల్యాబులో నా పని ఇంకా ఒంటరిదైంది. ఊళ్లు తిరగడం లేదు. వేరేవాళ్లు పట్టి పంపిన దోమల్ని చూసి పేరు రాయడమే. నా కింద కొత్తగా చేరినవాళ్లకు నేర్పేవాణ్ణి. చెరువు పురుగునూ, గంతులేసే నలుసునూ, మురుగు దోమనూ వాళ్లు తొందరగానే గుర్తుపట్టేవారు. ఆ చిన్న బూడిదరంగు దాని దగ్గరే తడబడేవారు. ఎవరినీ కోప్పడేవాణ్ణి కాదు.

శ్రీకాళహస్తి బస్సులో వెళ్తే ఒక పూట దారి. అయినా నాలుగేళ్లు వెళ్లలేదు. పని ఉందనుకున్నాను, పెళ్లయింది, కొట్టు వేరేవాళ్లకు అప్పగించి మా నాయన మంచమెక్కాడు. ఇవన్నీ నిజమే గానీ ఏవీ కారణాలు కావు. వెళ్లి ఏమని కూర్చోవాలో తెలియలేదు. పని పేరు చెప్పుకోకుండా ఆమె గుమ్మంలోకి నేను ఎన్నడూ అడుగుపెట్టలేదు.

ఆఫీసు పని మీద ఆ వైపు వెళ్లినప్పుడు ఏరు దాటాను. పల్లె మధ్యలో చేతిపంపు వేశారు. ఆమె కొట్టం కప్పు కూలి ఉంది. పక్కింటామె బయటికొచ్చింది.

"అవ్వ పోయి సంవత్సరం దాటె. జరం ఏమీ గాదు, వయసు అయింది. పంపు పడేదాకా ఆ ఇసక పని మానలేదు. ఆకర్న మా ఆడోళ్లు గూడా రొంత రొంత పూడ్చడం నేర్సినాం, ఆమె పోరు పడలేక." నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు యావూరప్పా? అవ్వ నీకేమవుతాది?"

"తెలిసినామె" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. పంపు నీళ్లు, కొంచెం ఉప్పగా ఉన్నాయి. తాగి చెంబు ఇచ్చేశాను. ఆ సాయంత్రం బస్సుకే చిత్తూరు చేరుకున్నాను. ఎందుకు ఆలస్యమైందని నా భార్య అడిగితే ఆఫీసు పని అని చెప్పాను. ఆమె అన్నం వడ్డించింది. పక్కనే కూర్చున్న ఆమెకు అంతా చెబుదామని రెండు మూడుసార్లు అనుకున్నాను. దోమ దగ్గర మొదలుపెట్టాలా, అవ్వ దగ్గర మొదలుపెట్టాలా తెలియక ఊరుకున్నాను.